తీరంలో చేపలు చచ్చి తేలినప్పుడు: తొలి గంటల్లో చేయవలసిన పని

సముద్రపు నీరు రంగు మారి, చేపలు గుట్టలుగా ఒడ్డుకు కొట్టుకువచ్చిన ప్రతిసారీ ఊళ్ళో రెండు మాటలు వినిపిస్తాయి. ఫ్యాక్టరీ నీళ్ళు వదిలారని కొందరు, సముద్రంలో పాచి పుట్టిందని మరికొందరు వాదిస్తారు. వీటిలో ఏదైనా నిజం కావచ్చు, రెండూ కలిసి కూడా నిజం కావచ్చు. కానీ ఏది నిజమో తేల్చగల ఆధారం ఆ రోజు మధ్యాహ్నానికే చాలావరకు చెరిగిపోతుంది. ఎండకు చేప కుళ్ళుతుంది, ఆటుపోటులకు నీరు మారుతుంది, తెల్లవారుజామున అడుగంటిన ఆక్సిజన్ పొద్దెక్కేసరికి మామూలుకు వస్తుంది. అధికారులో శాస్త్రవేత్తలో మరునాడు వచ్చి నీళ్ళు పట్టుకుపోతే, ప్రయోగశాల చెప్పేది మరునాటి నీటి సంగతే. అందువల్ల ఒడ్డున అందరికంటే ముందు ఉండేవారు, అంటే మత్స్యకారులు, గ్రామ మత్స్య సహాయకులు, సాగరమిత్రలు, కళాశాల విద్యార్థులు, స్థానిక విలేకరులు, ఏం చేయాలో ముందే తెలిసి ఉండడం అవసరం. ఈ వ్యాసం వారిని ఉద్దేశించినది.

చేపను చంపేది ఏది

ఆల్గల్ బ్లూమ్ అంటే నీటిలో ఎప్పుడూ ఉండే సూక్ష్మ శైవలాలలో, అంటే కంటికి ఆనని పాచి జీవులలో, ఏదో ఒక జాతి, వేడి, నిశ్చలమైన నీరు, పుష్కలమైన పోషకాలు కలిసివచ్చినప్పుడు, మిగతావాటిని తోసిరాజని పెచ్చుపెరగడం. రొయ్యల చెరువుల దగ్గర 'బ్లూమ్ వచ్చింది', 'బ్లూమ్ పడిపోయింది' అని రోజూ అనుకునే మాట ఇదే. సముద్రంలో దాని విస్తీర్ణం కిలోమీటర్ల కొద్దీ ఉంటుంది. అయితే బ్లూమ్ వచ్చిన ప్రతిచోటా విషం ఉంటుందనుకోవడం పొరపాటు. చేపలు చనిపోయే దారులు కనీసం మూడు ఉన్నాయి, వాటిని విడివిడిగా గుర్తుంచుకుంటే ఒడ్డున ఏం చూడాలో తెలుస్తుంది.

మొదటిది, అన్నిటికంటే తరచుగా జరిగేది, ఊపిరాడకపోవడం. పగలు ఆక్సిజన్ విడుదల చేసే శైవలాలే రాత్రి దాన్ని వాడుకుంటాయి. అవి చచ్చి అడుగుకు చేరాక, కుళ్ళబెట్టే బాక్టీరియా మిగిలినదాన్నీ పీల్చేస్తుంది. మన తీరపు వెచ్చని ఉప్పునీటిలో లీటరుకు ఆరు మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ కరగగలదు. అది రెండు కంటే తగ్గితే ఎక్కువ రకాల చేపలు బతకలేవు. తమిళనాడు తీరంలోని మన్నార్ సింధుశాఖలో 2008 అక్టోబరులో నాక్టిలూకా అనే జీవి విపరీతంగా పెరిగినప్పుడు చేపలతో పాటు పగడాలు కూడా చనిపోయాయి. 2019 సెప్టెంబరులో మండపం, పంబన్ ప్రాంతాల్లో సముద్రం పచ్చగా మారి మళ్ళీ చేపలు ఒడ్డుకు చేరాయి. నాక్టిలూకా విషం తయారు చేస్తుందని తెలియదు, కానీ దాని కణాల్లో అమ్మోనియా పేరుకుంటుంది, అది కుళ్ళినప్పుడు ఆక్సిజన్ పడిపోతుంది. చేప చావుకు ఆ రెండూ చాలు.

రెండవది మొప్పలు పాడవడం. కీటోసెరాస్ వంటి, గాజులాంటి పెంకు ఉన్న శైవలాలైన డయాటమ్‌లకు ముళ్ళవంటి పొడవాటి పోగులుంటాయి; అవి మొప్పల్లో గుచ్చుకుని జిగురు ఊరేలా చేస్తాయి. చాటొనెల్లా వంటి శైవలాలు మొప్పల పొరనే దెబ్బతీస్తాయి. జపాన్‌లోని సెటో లోతట్టు సముద్రంలో 1972లో కేజుల్లో, అంటే సముద్రంలో కట్టిన వల పంజరాల్లో, పెంచుతున్న ఎల్లోటెయిల్ చేపలు కోటీ నలభై లక్షలు చనిపోయింది ఈ చాటొనెల్లా వల్లే. మన దేశంలో కేరళలోని కోళికోడ్ తీరంలో కూడా ఇది కనిపించింది.

మూడవది విషం. కొరడాలాంటి పోగులతో ఈదే ఏకకణ జీవులైన కొన్ని డైనోఫ్లాజెల్లేట్‌లు నాడీమండలం మీద పనిచేసే విషాలను తయారు చేస్తాయి. వీటిలో చేపల కంటే మనుషులకు ప్రమాదకరమైనవి ఉన్నాయి, వాటి సంగతి కింద విడిగా చెప్పుకోవాలి.

ఇవి కాక, బ్లూమ్‌తో సంబంధమే లేని కారణాలూ ఉన్నాయి. లోతు నీటిలోని ఆక్సిజన్ తక్కువ పొర గాలుల ప్రభావంతో తీరానికి ఎగదన్నుకు రావచ్చు. ఉప్పుటేరు మొగలో పురుగుమందు కలిసిన వాననీరో, వ్యర్థజలమో చేరవచ్చు. ఎక్కువ పట్టు పడి అమ్ముడుపోని చిన్నచేపను పడవవారే పారబోసి ఉండవచ్చు. ఒకే జాతి, ఒకే సైజు చేపలు, మెడ దగ్గర వల గీతలతో కుప్పగా కనిపిస్తే ముందుగా ఈ అనుమానమే రావాలి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

చేపలు తేలిన రోజున సామాను వెదుక్కుంటే పొద్దు గడిచిపోతుంది. ఊరికి ఒక పెట్టె చాలు. అందులో మూత బిగుతుగా ఉండే ఒక లీటరు ప్లాస్టిక్ సీసాలు ఆరు, 250 మిల్లీలీటర్ల సీసాలు ఆరు, రబ్బరు తొడుగులు, జిప్ ఉన్న పాలిథిన్ సంచులు, ఐసు పట్టే థర్మాకోల్ పెట్టె, థర్మామీటరు, ఉప్పు శాతం కొలిచే రిఫ్రాక్టోమీటరు, పెన్సిలు, లేబుళ్ళు ఉండాలి. పెన్సిలు అని ఊరికే అనలేదు; పెన్నుతో రాసిన లేబులు ఐసు నీటిలో తడిసి రెండు గంటల్లో చదవడానికి వీల్లేకుండా పోతుంది.

వీటితో పాటు, నీటిలోని కణాలను చెడకుండా నిలిపే లూగాల్ అయోడిన్ ద్రావణం చిన్న నల్ల గాజు సీసాలో ఉండాలి. నూరు మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో పది గ్రాముల పొటాషియం అయొడైడ్ ముందు కరిగించి, తరువాత అయిదు గ్రాముల అయోడిన్ వేసి కలిపి, చివర పది మిల్లీలీటర్ల గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం చేరుస్తారు. దీన్ని ఇంట్లో చేసుకోవద్దు, కళాశాల రసాయనశాలలోనో ఆక్వా ల్యాబ్‌లోనో చేయించుకోవాలి. గాయాలకు రాసే టింక్చర్ అయోడిన్ దీనికి బదులు పనికిరాదు, అందులోని ఆల్కహాలు కణాలను పాడుచేస్తుంది.

ఆక్వా ల్యాబ్ అన్నాను కనుక ఒక మాట. భీమవరం, కైకలూరు, అమలాపురం, నెల్లూరు వంటి చోట్ల రొయ్యల రైతుల కోసం నడిచే ల్యాబ్‌లలో సూక్ష్మదర్శిని, ఆక్సిజన్, అమ్మోనియా, పీహెచ్ పరీక్షల సరంజామా రోజూ వాడకంలో ఉంటాయి. సముద్రంలో చేపలు చనిపోతే వాళ్ళ దగ్గరకు వెళ్ళాలన్న ఆలోచన ఎవరికీ రాదు. తుది నిర్ధారణ వాళ్ళ పని కాకపోయినా, మొదటి గంటల్లో కావలసిన అంకెలు మీకు దగ్గరలో దొరికేది అక్కడే. సముద్రపు నీటికి సరిపోయే కిట్ ఉందో లేదో మాత్రం ముందే అడిగి పెట్టుకోండి; మంచినీటి కిట్‌తో ఉప్పునీటిలో అమ్మోనియా కొలిస్తే అంకె తప్పు రావచ్చు.

ఒడ్డుకు చేరగానే

ముందు చూడండి, తరువాత ముట్టుకోండి. సమయం, గాలి ఏ దిక్కునుంచి వీస్తోంది, పోటా పాటా, క్రితం రెండు మూడు రోజుల్లో వాన పడిందా, నీటి రంగు ఏమిటి, వాసన ఎలా ఉంది అన్నవి రాసుకోవాలి. కళ్ళు మండినా, దగ్గు వచ్చినా గాలికి ఎదురు దిక్కుకు జరిగి, పిల్లలను అక్కడినుంచి పంపించివేయాలి. కాళ్ళకూ చేతులకూ పుండ్లు ఉన్నవారు నీళ్ళలోకి దిగరాదు, కుళ్ళే చేపల మధ్య విబ్రియో బాక్టీరియా పెరుగుతుంది.

రంగు కొంత చెబుతుంది, అంతా చెప్పదు. ఎర్రగా లేదా నారింజ రంగులో, రాత్రి అలలు నీలంగా మెరిస్తే నాక్టిలూకా అయి ఉండే అవకాశం ఎక్కువ. గాజు గ్లాసులో నీళ్ళు తీసి వెలుతురుకు పట్టి చూస్తే, గసగసాల కంటే చిన్నవైన పారదర్శక బిందువులు పైకి తేలుతూ కంటికే కనిపిస్తాయి. సూక్ష్మదర్శిని అక్కర్లేకుండా గుర్తుపట్టగల జీవి ఇదొక్కటే అనుకోవచ్చు. దీనిలోనే ఇంకొక రకం, లోపల పచ్చని శైవలాన్ని పెంచుకునేది, నీటిని ముదురు ఆకుపచ్చగా చేస్తుంది. వేసవి మొదట్లో గాలి లేని రోజుల్లో నీటి మీద రంపపు పొట్టు చల్లినట్టు గోధుమరంగు చారలు కనిపిస్తే అది ట్రైకోడెస్మియం అనే సూక్ష్మజీవి అయి ఉండవచ్చు. వెనకటి నావికులు దీన్ని సముద్రపు రంపపు పొట్టు అనే పిలిచారు. కుళ్ళేటప్పుడు గులాబి రంగుకు తిరిగి ఘాటైన వాసన వేస్తుంది కాబట్టి జనం బెదిరిపోతారు గానీ, తెరచి ఉన్న సముద్రంలో ఇది చేపలను చంపిన సందర్భాలు అరుదు. విశాఖ ప్రాంతంలో నీరు మట్టిరంగుకు మారడానికి ఆస్టరియొనెల్లా అనే డయాటమ్ కారణమైన సంగతి 1969లోనే శాస్త్ర పత్రికలో వచ్చింది. అంటే రంగు మారడం ఈ తీరానికి కొత్త కాదు. రంగు మారిందని చెప్పి వార్త రాసేవారు, చేపలు చనిపోయాయా లేదా అన్నది విడిగా చెప్పాలి.

చనిపోయిన చేపలను లెక్కపెట్టడం తరువాతి పని. 'వేలాది చేపలు' అన్న మాట ఏ దర్యాప్తుకూ ఉపయోగపడదు. ఒడ్డున నూరు మీటర్ల దూరం కాళ్ళతోనో తాడుతోనో కొలిచి, ఆ మేరలో ఏ జాతివి ఎన్ని ఉన్నాయో రాసుకోవాలి. ఒకదానికొకటి దూరంగా ఇలాంటి ముక్కలు మూడు తీసుకుంటే మొత్తం తీరానికి అంచనా కట్టవచ్చు. పేర్లు ఊళ్ళో పిలిచే పేర్లే రాయండి, కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు, జెల్లలు, పండుగప్ప; శాస్త్రనామం తరువాత ఎవరైనా చేరుస్తారు. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి, చేప పక్కన స్కేలు పెట్టి, మొప్ప ఎత్తి ఒకటి, ఒళ్ళంతా కనిపించేలా ఒకటి ఫోటో తీయాలి.

ఏ జాతులు, ఏ సైజువి చనిపోయాయన్నదే అసలు ఆధారం. ఊపిరాడక చనిపోయినప్పుడు తరచు పెద్ద చేపలు ముందు పోతాయి, నోరు తెరుచుకుని, మొప్ప రెక్కలు విప్పారి ఉంటాయి. అడుగున బతికే పాము చేపలు, నాలుక చేపలు, పీతలు ఒడ్డుకు పాకి వస్తాయి. బతికి ఉన్నవి పైకి వచ్చి గాలి కోసం నోరు తెరుస్తుంటాయి. ఇవన్నీ తెల్లవారుజామునే జరుగుతాయి. పట్టపగలు, చిన్నా పెద్దా తేడా లేకుండా, గిరగిర తిరుగుతూ చనిపోతుంటే విషాన్నో రసాయనాన్నో అనుమానించాలి. చేపలు బాగానే ఉండి రొయ్యలు, పీతలు మాత్రమే చస్తుంటే పురుగుమందు గుర్తుకు రావాలి, ఎందుకంటే వాటికి కీటకాలతో చుట్టరికం ఉంది. ఇవి ఖాయమైన తీర్పులు కావు. ప్రయోగశాలను ముందు ఏ పరీక్ష చేయమని అడగాలో చెప్పే సూచనలు మాత్రమే.

నీటిని పట్టడం

ఇక్కడ తొందర పనికిరాదు. కనీసం మూడు చోట్ల నీరు తీయాలి: రంగు మారిన పట్ట మధ్యలో, దాని అంచున, దానికి బాగా అవతల మామూలుగా కనిపిస్తున్న నీటిలో. మూడవది లేకపోతే మొదటిదానికి విలువ ఉండదు, ఎందుకంటే ఆ రోజు ఆ తీరంలో 'మామూలు' ఎంతో చెప్పేది అదే. మొగ దగ్గరైతే ఏటిలో ఎగువన ఇంకొకటి తీసుకోవాలి. వ్యర్థజలం అనుమానం ఉన్నప్పుడు ఇదే అన్నిటికంటే ముఖ్యమైన సీసా అవుతుంది. పడవ ఉంటే అడుగు నీరు కూడా తీయాలి. బరువు కట్టిన సీసాకు మూతను దారంతో కట్టి, కిందకు దించి, దారం లాగి మూత ఊడేలా చేస్తే చాలు.

సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, మోచేయి లోతున మూతి కిందికి పెట్టి ముంచి, నీటిలోపలే తిప్పి నింపాలి. నీటి మీద తేలే తెట్టును మాత్రమే గీకి తీసుకుంటే లీటరులో ఎన్ని కణాలున్నాయన్న లెక్క అర్థరహితమవుతుంది.

ప్రతి చోటి నీటినీ రెండు రకాలుగా ఉంచాలి. 250 మిల్లీలీటర్ల సీసాలో సుమారు ఒక మిల్లీలీటరు లూగాల్ ద్రావణం వేసి, పల్చని టీ రంగు వచ్చేదాకా చూడాలి. బ్లూమ్ చిక్కగా ఉంటే కొంచెం ఎక్కువ పడుతుంది. చీకటిలో ఉంచితే ఇది నెలలపాటు నిలుస్తుంది, రంగు వెలిసిపోతే మళ్ళీ నాలుగు చుక్కలు వేయాలి. రెండవ సీసాలో ఏమీ కలపకూడదు. చాటొనెల్లా వంటి పెళుసు కణాలు అయోడిన్ తగలగానే ఆకారం కోల్పోతాయి కాబట్టి, వాటిని గుర్తించాలంటే బతికున్న నమూనా కావాలి. దాన్ని మూడొంతులే నింపి, పైన గాలికి చోటు వదిలి, నీడలో మామూలు వేడిమిలోనే ఉంచి, అదే రోజు సూక్ష్మదర్శిని కిందికి చేర్చాలి. నమూనా అనగానే అందరూ ఐసులో పెట్టేస్తారు. ఈ సీసాను మాత్రం పెట్టకండి, చల్లదనానికి కణాలు పగిలిపోవచ్చు. పురుగుమందులు, భారలోహాల పరీక్షకు పంపే నీటి సంగతి వేరు. దానికి ఎలాంటి సీసా కావాలో ఆ ప్రయోగశాలే చెబుతుంది, చాలావరకు పురుగుమందుకు గాజు సీసా అడుగుతారు, అది మాత్రం ఐసులోనే వెళ్ళాలి.

ఆక్సిజన్ కొలత

మీటరు ఉంటే నీటిలోనే పెట్టి కొలవాలి, బకెట్టులో తెచ్చి కాదు. మీటరు లేకపోతే వింక్లర్ పద్ధతి ఉంది. 125 మిల్లీలీటర్ల గాజు బిరడా సీసాను బుడగ లేకుండా పొంగిపొర్లేలా నింపి, మాంగనీస్ సల్ఫేట్ ద్రావణం ఒక మిల్లీలీటరు, క్షార అయొడైడ్ ద్రావణం ఒక మిల్లీలీటరు అడుగుకు దించి వేసి, బిరడా పెట్టి తలకిందులుగా తిప్పాలి. రెండవది చర్మాన్ని కాలుస్తుంది, తొడుగులు తప్పనిసరి. తక్షణమే ఒక మడ్డి ఏర్పడుతుంది. అది గోధుమ రంగులో ఉంటే నీటిలో ఆక్సిజన్ ఉన్నట్టు, రంగు ఎంత ముదిరితే అంత ఎక్కువ. పాల తెలుపులోనే ఉండిపోతే ఆ నీటిలో ఆక్సిజన్ దాదాపు లేనట్టే. కచ్చితమైన అంకె ప్రయోగశాలలో టైట్రేషన్ చేశాకనే వస్తుంది కానీ, ఒడ్డున నిలబడిన పదిమంది కళ్ళెదుట తెల్లగా మిగిలిపోయిన ఆ మడ్డి ఎన్నో వాదాలను అక్కడికక్కడే తేల్చివేస్తుంది. దాన్ని ఫోటో తీయడం మరవకండి.

ఒక్కసారి కొలిస్తే చాలదు. తెల్లవారకముందు ఒకసారి, మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య ఒకసారి కొలవాలి. ఉదయం అతి తక్కువగా, మధ్యాహ్నం నీటికి పట్టే హద్దును కూడా మించి ఉంటే బ్లూమ్ ఇంకా బతికే ఉందని అర్థం. రెండు పూటలా తక్కువగానే ఉంటే అది పడిపోయి కుళ్ళుతున్నట్టు, లేదా లోతు నీరు పైకి వచ్చినట్టు. లోతు నీరైతే థర్మామీటరులో నీరు చల్లబడినట్టు కనిపిస్తుంది, ఉప్పు శాతం కూడా పెరగవచ్చు. ఉదయం పది గంటలకు వచ్చి కొలిచి 'ఆక్సిజన్ మామూలుగానే ఉంది' అని రాసే నివేదికలు ఎందుకు దారి తప్పుతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. పీహెచ్ కూడా అప్పుడే చూడాలి: సముద్రపు నీటికి 8.1 ప్రాంతంలో ఉండేది బ్లూమ్ ఉన్న మధ్యాహ్నం అంతకంటే బాగా పెరుగుతుంది, పీహెచ్ పెరిగేకొద్దీ నీటిలోని అమ్మోనియా చేపకు మరింత విషమవుతుంది.

చేపను పంపడం

బతికి ఉండి కొట్టుకుంటున్న చేప అన్నిటికంటే విలువైనది. అది దొరకకపోతే కళ్ళు తేటగా, మొప్పలు ఎర్రగా ఉన్నది. మొప్పలు పాలిపోయి, కన్ను మసకబారిన చేపను పంపడం వృథా. జాతికి నాలుగయిదు చొప్పున విడివిడి సంచుల్లో వేసి, లేబులు పెట్టి, ఐసులో ఉంచాలి. సగాన్ని గడ్డకట్టించాలి, అవి విష పరీక్షకు. మిగతా సగాన్ని గడ్డకట్టించకుండా ఐసు మీదే ఉంచాలి, ఎందుకంటే గడ్డకడితే మొప్పల కణజాలం చిరిగి సూక్ష్మదర్శినికి పనికిరాదు. మొప్పకు అంటుకున్న జిగురును ఒక గాజు పలక మీద రాసి చూస్తే కొన్నిసార్లు అందులోనే కారణమైన కణాలు దొరుకుతాయి.

తినడం, అమ్మడం, ఎండబెట్టడం

ఒడ్డుకు కొట్టుకువచ్చిన చేపను తినరాదు, ఎండబెట్టి అమ్మరాదు, కోళ్ళకు వేయరాదు. ఉప్పు పట్టించి ఎండబెడితే విషం పోతుందన్న నమ్మకం తప్పు. ఊపిరాడక చనిపోయిన చేపలో శైవలాల విషం ఉండకపోవచ్చు, కానీ ఎప్పుడు చనిపోయిందో తెలియని చేప ఎండలో పడి ఉండడమే అనారోగ్యానికి చాలు. పడవకు బతికి చిక్కిన చేప సంగతి వేరు. పేగులు, కాలేయం తీసివేస్తే కండలో శైవల విషాలు చేరేది సాధారణంగా తక్కువ. ఈ తేడా చెప్పకుండా 'చేపలు తినకండి' అని ఒక్కమాటలో ప్రకటించడం వల్ల ప్రమాదం లేని చేపకూ ధర పడిపోయి, వేటకు వెళ్ళినవారే నష్టపోతారు.

అసలు ప్రమాదం ఆల్చిప్పలు, గుల్లలతో. అవి రోజంతా నీటిని వడగట్టి శైవలాలనే తింటాయి, విషం వాటిలో పోగవుతుంది, వాటికి మాత్రం ఏమీ కాదు. నీటి రంగు మామూలుకు వచ్చాక కూడా వారాలపాటు అది మిగిలి ఉండవచ్చు. చూపుకూ రుచికీ వాసనకూ తేడా తెలియదు. ఉడికించినా వేయించినా పోదు. కేరళలోని విళింజంలో 1997 సెప్టెంబరులో ఆల్చిప్పలు తిన్నవారిలో ఏడుగురు చనిపోయారు, అయిదు వందల మంది వరకు ఆసుపత్రి పాలయ్యారు. శాక్సిటాక్సిన్ అనే ఆ రకం విషానికి ఆల్చిప్ప మాంసంలో కిలోకు 800 మైక్రోగ్రాములను హద్దుగా పాటిస్తారు. విశాఖ రాళ్ళ మీద ఆల్చిప్పలు ఏరుకునేవారికీ, కాకినాడ అఖాతంలో గుల్లలు తీసేవారికీ ఈ ఒక్క హెచ్చరిక ముందుగా అందాలి, చేపల కంటే ముందుగా.

తిన్న అరగంట నుంచి రెండు మూడు గంటల లోపు పెదవులు, నాలుక తిమ్మిరెక్కి, వేళ్ళ చివరలు జిల్లుమని, తరువాత కాళ్ళూ చేతులూ పట్టు తప్పితే ఆలస్యం చేయకుండా కృత్రిమ శ్వాస పెట్టగల ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. దీనికి విరుగుడు మందు లేదు. విషం శరీరం నుంచి పోయేదాకా ఊపిరి ఆగకుండా చూడడమే వైద్యం. ఏం తిన్నారో డాక్టరుకు చెప్పాలి, మిగిలిన ఆల్చిప్పలుంటే పారవేయకుండా గడ్డకట్టించి ఉంచాలి.

ఎవరికి తెలపాలి

గ్రామ సచివాలయంలోని మత్స్య సహాయకుని ద్వారా మత్స్యశాఖకు, వ్యర్థజలం అనుమానం ఉంటే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, రెండింటికీ ఒకే రోజున రాతపూర్వకంగా తెలపాలి. విశాఖపట్నంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకూ, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకూ ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి. శైవలాలను జాతి స్థాయిలో గుర్తించగలవారు అక్కడ దొరుకుతారు. ప్రతి నమూనానూ రెండు భాగాలు చేసి, ఒకటి అధికారులకు ఇచ్చి రసీదు తీసుకుని, రెండవది ఇద్దరు సాక్షుల సంతకాలతో సీలు వేసి ఊళ్ళోనే భద్రపరచండి. నష్టపరిహారం మాట వచ్చినప్పుడు ఎవరి సీసా ఎవరి చేతులు మారిందో చెప్పలేకపోవడమే చాలా ఫిర్యాదులను నీరుగారుస్తుంది.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్, అంటే చేపలు దొరికే ప్రాంతాల సూచనలు పంపే సంస్థ, ఆల్గల్ బ్లూమ్‌ల సమాచార సేవను కూడా నడుపుతోంది. ఉపగ్రహం కొలిచే నీటి రంగు నుంచి పత్రహరితం ఎంత ఉందో లెక్కగట్టి, మామూలు కంటే పెరిగిన చోట్లను చూపుతుంది. ఈ పనికి తోడ్పడే ఓషన్‌శాట్ శ్రేణిలో మూడవ ఉపగ్రహం 2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచే వెళ్ళింది. ఈ సేవ ప్రత్యేకంగా గమనించే నాలుగు ప్రాంతాలు ఈశాన్య అరేబియా సముద్రం, కేరళ తీరం, మన్నార్ సింధుశాఖ, ఒడిశాలోని గోపాలపురం తీరం. తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలున్న గోపాలపురం ఈ జాబితాలో ఉంది కాబట్టి, శ్రీకాకుళం తీరంవారు ఆ మ్యాపును అప్పుడప్పుడు చూసుకోవడం మంచిది. అయితే మబ్బు పట్టిన రోజు ఉపగ్రహానికి సముద్రం కనిపించదు, ఒడ్డుకు ఆనుకున్న బురద నీటిలో లెక్క తప్పుతుంది, విషం ఉందో లేదో అది ఎన్నడూ చెప్పదు. మీరు పంపే తేదీ, స్థలం, ఫోటో, కణాల లెక్క ఆ మ్యాపును సరిచూసుకోవడానికి వాళ్ళకూ కావాలి.

చెరువులు, కేజులు ఉన్నవారికి

తీరంలో బ్లూమ్ ఉన్నన్నాళ్ళూ ఉప్పుటేటి నీటిని చెరువుకు తోడకూడదు. తప్పనిసరైతే రిజర్వాయరు చెరువులో నిలవబెట్టి, సూక్ష్మదర్శినిలో చూశాకనే ఎక్కించాలి. ఇప్పటికే చెరువులో చేరితే రాత్రంతా ఏరియేటర్లు తిప్పి, మేత ఆపి, కాపర్ సల్ఫేట్ వంటి మందు జోలికి పోకుండా ఉండాలి. ఒక్కసారిగా చచ్చిన శైవలాలు తమ విషాన్ని నీటిలోకి వదిలి, ఆక్సిజన్‌ను కూడా ముంచివేస్తాయి.

సముద్రపు కేజులు మన దేశంలో 2007లో విశాఖ తీరంలోనే మొదలయ్యాయి. కేజులో చేప పారిపోలేదు కాబట్టి బ్లూమ్‌కు మొదటి బలి అదే. మేత వెంటనే ఆపాలి, ఎందుకంటే కడుపు నిండిన చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. అమ్మకానికి తగిన సైజు వచ్చిన చేపను బ్లూమ్ చేరకముందే తీసివేయాలి. వీలైతే కేజును పక్కకు లాగడం, తెట్టు పైపొరలోనే ఉంటే లోతుకు దించడం చేయవచ్చు, కానీ అడుగున ఆక్సిజన్ ఎంతో కొలవకుండా దించకూడదు. దక్షిణ కొరియాలో 1996 నుంచి పసుపురంగు బంకమట్టి చల్లి కణాలను అడుగుకు దించుతున్నారు. ఆ మట్టి అడుగు జీవాలను కప్పివేస్తుంది కాబట్టి, మన దగ్గర ఎవరూ సొంతంగా ప్రయత్నించవలసిన పని కాదది.

ఒడ్డు శుభ్రం చేయడం, మళ్ళీ తెరవడం

నమూనాలు తీశాక, లెక్కలు ముగిశాక, అదే సాయంత్రానికి చేపలను ఎత్తించాలి. తిరిగి సముద్రంలోకి నెడితే కుళ్ళి ఇంకా ఆక్సిజన్ తింటాయి. పోటు గీతకు బాగా పైన, తాగునీటి బావులకు దూరంగా లోతైన గోతిలో వేసి, సున్నం చల్లి పూడ్చాలి.

ప్రయోగశాల నివేదిక వచ్చినప్పుడు 'బ్లూమ్ కనిపించింది' అన్న వాక్యంతో సరిపెట్టుకోకండి. ఏ జాతి, లీటరుకు ఎన్ని కణాలు, మామూలుగా ఉన్న చోట ఎన్ని, ఆక్సిజన్ ఏ వేళ కొలిచారు, విష పరీక్ష చేశారా లేక చేయకుండానే లేదన్నారా, నీటికి పోషకాలు ఎక్కడినుంచి చేరాయో చూశారా అని అడగాలి. బ్లూమ్ ఉన్నంత మాత్రాన వ్యర్థజలం పాత్ర లేదని కాదు. నైట్రోజన్, ఫాస్ఫరస్ మోసుకువచ్చే మురుగునీరు, చెరువుల నీరు, పొలాల ఎరువు బ్లూమ్‌కు ఎరువే.

నీటి రంగు తేటపడిన రోజున చేపల వేటకు ఆటంకం లేదు. ఆల్చిప్పలు, గుల్లలకు మాత్రం వారం ఎడంగా చేసిన రెండు వరుస పరీక్షల్లోనైనా విషం హద్దుకు లోబడి ఉందని తేలేవరకు ఆగాలి. పరీక్ష చేయించే వీలు లేని చోట ఆ సీజనుకు వాటిని ఏరడం మానుకోవడమే తగినది.